చిత్రకళలో చూచిరాత

పరీక్షలో చూచి రాసినవాడు దొంగ. చిత్రకళలో చూచి గీసినవాడూ దొంగే. మొదటిమాట నిజం. దాన్ని ఆసరా చేసుకుని రెండోమాట కూడా చెలామణి అయిపోతున్నది. ఈ మాట అనేవారు పాత ఛాందసులే అయితే మనం పట్టించుకోనక్కర లేదు. కాని అంటున్నది మనవాళ్లు: కళ ప్రజల సొత్తని వేదికలమీద చెప్పేవారు, విద్యార్థుల బొమ్మలకు న్యాయనిర్ణేతలుగా కూర్చునేవారు. అందుకని జవాబు చెప్పవలసి వస్తున్నది.

ఈమధ్య ఒక కళాశాలలో విద్యార్థుల చిత్రప్రదర్శన జరిగింది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి, ఫ్రెంచి చిత్రకారుడు గుస్తావ్ కుర్బే స్వీయచిత్రం ఒకదాన్ని చూచి నూనెరంగుల్లో వేసిన బొమ్మ తెచ్చింది. కింద ‘కుర్బే చిత్రానికి ప్రతి’ అని తన చేత్తోనే రాసిపెట్టింది. రెండు నెలలు పట్టింది ఆ బొమ్మకు. తండ్రి తాపీమేస్త్రీ, చిత్రకళాశాలలో చేరే తాహతు లేదు, ఊళ్లో నేర్పేవారూ లేరు. న్యాయనిర్ణేతల్లో ఒకరు ఆ బొమ్మను రెండు నిమిషాలు చూశారు. “బాగానే ఉందమ్మా, కాని నీ సొంతం కాదు గదా!” అని పోటీలోంచి తీయించారు. ప్రథమ బహుమతి ఉదయిస్తున్న ఎర్రటి సూర్యుడి ముందు బిగించిన పిడికిలికి వచ్చింది.

నాకు ఎర్రసూర్యుడి మీద కోపం లేదు. పిడికిలి మీద అసలే లేదు. కాని ఆ పిడికిలికి మణికట్టు లేదు. ముంజేయి గొట్టంలా వచ్చి వేళ్ల ముద్దకు అతుక్కున్నది. బొటనవేలు ఎటు ముడుచుకుంటుందో, వేసిన కుర్రవాడు తన చెయ్యి తానైనా ఒకసారి బిగించి చూచుకోలేదు. మరి ఎక్కడినుంచి వచ్చిందా పిడికిలి? గోడలమీదా కరపత్రాలమీదా అంతకుముందు వందసార్లు కనిపించిన పిడికిళ్లలోంచి వచ్చింది. అదీ కాపీయే. తేడా అల్లా, అమ్మాయి చూచి కాపీ చేసింది, కుర్రవాడు చూడకుండా కాపీ చేశాడు. చూడనిదానికి ‘సొంతం’ అని పేరు పెట్టి బహుమతి ఇచ్చాం. చూచినదాన్ని గోడమీదనుంచి దింపించాం.

తెలుగులో ‘చూచిరాత’ అనే మాటకు రెండర్థాలున్నాయి. పరీక్షహాల్లో పక్కవాడి కాగితంలోకి తొంగిచూడటం ఒకటి. చిన్నపిల్లలు పంతులు వేసిన వరస చూచి కింద తాము రాయడం ఇంకొకటి. మొదటిదాంట్లో నేర్చుకోకుండా తప్పించుకుంటారు, రెండోదాంట్లో నేర్చుకుంటారు. ఓనమాలు దిద్దిన పిల్లవాణ్ణి ‘ఈ అకారం నీ సొంతమా?’ అని ఎవరూ అడగలేదు. పద్యాలు నోటికి రాకుండా ఛందస్సు పట్టుబడినవాడు తెలుగుదేశంలో ఉన్నట్టు నేను వినలేదు. ఛందస్సును వదిలిపెట్టి కవిత్వాన్ని కొత్తదారి పట్టించిన శ్రీశ్రీ 1928లో ‘ప్రభవ’ను పాతదారిలోనే అచ్చువేశాడు. వదిలిపెట్టడానికి ముందు చేతిలో ఉండాలి గదా! సాహిత్యంలో ఇంత తేలిగ్గా ఒప్పుకునే మనం, చిత్రకళ దగ్గరికి వచ్చేసరికి ప్రతి విద్యార్థీ తల్లి కడుపులోంచి తన శైలి తెచ్చుకోవాలంటాం.

ఈ ‘సొంతం’ అనేది ఎవరి సిద్ధాంతం? కళాకారుడి వ్యక్తిత్వం మరెవరికీ అందని మహా రహస్యమనీ, అది శ్రమవల్ల రాదనీ, పుట్టుకతోనే ఉంటుందనీ, దానిమీద అతనికి సర్వహక్కులూ ఉన్నాయనీ చెప్పింది చిత్రాల అంగడి. చిత్రాన్ని సరుకు చేసి అమ్మే చోట సంతకానికి విలువ ఉండాలి. సంతకానికి విలువ ఉండాలంటే అది ఒక్కటే అయి ఉండాలి. అంగడికి ఆ సిద్ధాంతం కావాలి, అర్థముంది. మనకెందుకు? పుట్టుకతో వచ్చే ప్రతిభను గురించి మన నోట ఇంత భక్తిగా మాటలు వస్తుంటే, పుట్టుకతో వచ్చే మరికొన్ని యోగ్యతలను మనం ఏ మొహంతో ఖండిస్తాం?

చూచి గీయడం అన్నది నిజానికి పోరాడి గెలుచుకున్న హక్కు. ఫ్రాన్సులో రాజుల చిత్రాలు రాజుల మందిరాల్లో ఉండేవి. విప్లవం వచ్చి, 1793 ఆగస్టు 10న, రాచరికం కూలిన మొదటి సాలుతిరుగు రోజున, లూవ్ర్ మందిరాన్ని మ్యూజియంగా తెరిచారు. అప్పటి విప్లవ పంచాంగంలో వారానికి పది రోజులు. అందులో ప్రజలందరి సందర్శనకు మూడు రోజులు కేటాయించి, అంతకంటే ఎక్కువ రోజులు చిత్రకారులు కూర్చుని ప్రతులు తీసుకోవడానికే ఉంచారు. రాజుగారి సొత్తును దేశం సొత్తు చేసినవాళ్లకు, దాన్ని కళ్లతో చూడటమే చాలదనీ, చేత్తో నేర్చుకోవాలనీ తెలిసింది. ఆ ఏర్పాటు మొదలై రెండు శతాబ్దాలు దాటింది. ఈనాటికీ అనుమతి తీసుకున్నవాడు ఆ మ్యూజియంలో కాన్వాసు నిలబెట్టుకుని ప్రతి తీయవచ్చు. ప్రతి కొలత మూలం కొలతతో సమానంగా ఉండకూడదనీ, మూలంమీది సంతకం వేయకూడదనీ నియమాలున్నాయి. దొంగతనానికీ చదువుకూ మధ్య గీత అక్కడ గీశారు. అమ్మాయి కింద రాసిన ‘ప్రతి’ అన్న మాట ఆ గీతే.

ఇంకోమాట. పారిస్‌లోని ప్రభుత్వ చిత్రకళాశాల 1897 దాకా స్త్రీలను చేర్చుకోలేదు. వివస్త్రమైన నమూనాను ఎదురుగా పెట్టుకుని గీసే తరగతి వారికి మూసివున్న తలుపు. కాని లూవ్ర్‌లో కూర్చుని ప్రతి తీయడానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. బెర్త్ మోరిసో చిన్నతనంలో అక్కడే కూర్చుని నేర్చుకున్నది. ప్రతులు వేసి అమ్ముకుని బతికిన స్త్రీలూ ఉన్నారు. గురువు గుమ్మంలోకి రానివ్వనివారికి చూచిరాతే బడి. ఏకలవ్యుడు మట్టిబొమ్మను చూచి నేర్చుకున్నాడు. ఆ బొమ్మ అతన్ని ఏమీ అడగలేదు, బొటనవేలు అడిగింది తర్వాత వచ్చిన పెద్దమనిషి. మన న్యాయనిర్ణేత ఎవరి పక్షాన కూర్చున్నారో ఆయనే ఆలోచించుకోవాలి.

ఇక కుర్బే సంగతి. ఆ అమ్మాయి తెలిసి ఎన్నుకున్నదో, దొరికింది గనక ఎన్నుకున్నదో గాని, అంతకంటే తగిన బొమ్మ దొరకదు. దాని పేరు ‘తోలు బెల్టు మనిషి’. 1845–46 ప్రాంతంలో వేసింది; ఇప్పుడు పారిస్‌లో ఓర్సే మ్యూజియంలో ఉంది. చీకటి నేపథ్యం, పొడుగు జుట్టు యువకుడు, ఒక చెయ్యి ముఖం దగ్గర, రెండో చెయ్యి నడుముకున్న తోలు బెల్టును పట్టుకుని. వెలుగంతా ముఖంమీదా, ఆ రెండు చేతులమీదా ఉంది. 1855లో దీన్ని ప్రదర్శించినప్పుడు కుర్బేయే దీన్ని వెనిస్ చిత్రకారుల అధ్యయనమని చెప్పుకున్నాడు. తర్వాతి కాలంలో ఆ కాన్వాసుకు ఎక్స్‌రే తీస్తే, కుర్బే ముఖం అడుగున ఇంకో బొమ్మ కనిపించింది. అది లూవ్ర్‌లో ఉన్న టిషియన్ చిత్రం ‘చేతితొడుగు మనిషి’కి కుర్బే తీసుకున్న ప్రతి! అంటే, పందొమ్మిదో శతాబ్దపు వాస్తవికతకు పతాక ఎత్తినవాడు, తన స్వీయచిత్రాన్ని తాను చూచి రాసుకున్న పాఠంమీదనే వేశాడు. ఆ చేతుల ఠీవి టిషియన్ దగ్గర నేర్చుకున్నది, ముఖం తనది. పలకమీద దిద్దిన అక్షరం తుడిచి, అదే పలకమీద తన పేరు రాసుకున్నట్టు.

ఇది విన్న తర్వాత కూడా ఒక మిత్రుడు వదలలేదు. కుర్బేయే కళ నేర్పడం అసాధ్యమన్నాడు గదా, శిష్యులను ఒప్పుకోనన్నాడు గదా అని పట్టుకున్నారు. అన్నాడు, నిజమే. 1861లో కొందరు యువ చిత్రకారులు తమకు నేర్పమని అడిగితే, నేను గురువును కాను, ఎవరి కళ వారిదే అన్న ధోరణిలో బహిరంగంగా లేఖ రాశాడు. అయినా వాళ్లకోసం ఒక పనిశాల తెరిచి, నమూనాగా సాక్షాత్తూ ఎద్దును తెచ్చి నిలబెట్టాడు. కొద్ది నెలల్లో అది మూతపడింది. సరే, కాని ఆ లేఖ రాసిన మనిషి అప్పటికి ఇరవయ్యేళ్లుగా చూచి నేర్చుకున్నవాడు. 1839లో ఓర్నాన్ నుంచి పారిస్ వచ్చినప్పటినుంచీ లూవ్ర్‌లో వెనిస్ వాళ్లనూ, డచ్చివాళ్లనూ, స్పెయిన్ వాళ్లనూ గాలించాడు. ఇంతటితో అయిపోయిందా? 1869లో మ్యూనిక్‌లో అంతర్జాతీయ ప్రదర్శన జరిగింది. కుర్బే చిత్రాలకు అక్కడ ఘనమైన గౌరవం దక్కింది. యాభై ఏళ్ల వయసు, ఐరోపా అంతటా పేరు. ఆ మనిషి ఆ ఊళ్లో ఏం చేశాడు? రెంబ్రాంట్ స్వీయచిత్రం ఎదుట కూర్చుని ప్రతి తీశాడు. ఫ్రాన్స్ హాల్స్ వేసిన ‘మల్లే బాబ్బె’ అనే పిచ్చి ముసలమ్మ బొమ్మకూ ప్రతి తీశాడు. ఒకటి బెజాన్సోన్ మ్యూజియంలోనూ, ఇంకొకటి హాంబుర్గ్‌లోనూ ఉన్నాయి. యాభై ఏళ్ల కుర్బేకు లేని సిగ్గు పంతొమ్మిదేళ్ల తాపీమేస్త్రీ కూతురికి ఎందుకుండాలి?

చూచి నేర్చుకోవడానికి స్వీయచిత్రమే ఎందుకు, ఏ బొమ్మ అయితేనేం అని అడగవచ్చు. ఏదైనా మంచిదే. కాని రూపచిత్రంలో సాధారణంగా చిత్రకారుడికీ నమూనాకూ నడుమ ఒక మూడోవాడు కూర్చుని ఉంటాడు: డబ్బిచ్చేవాడు. చాలాసార్లు ఆ డబ్బిచ్చేవాడే నమూనా కూడాను. దొరగారి గడ్డం కింది మడత తగ్గుతుంది, దొరసానిగారి మెడ పొడుగవుతుంది, గొలుసులోని ప్రతి పూసా మాత్రం లెక్క తప్పకుండా పడుతుంది. ఇలాంటి బొమ్మను చూచి నేర్చుకునే విద్యార్థి కుంచెతో పాటు ముఖస్తుతి కూడా నేర్చుకుంటాడు. స్వీయచిత్రంలో ఆ మూడోవాడు లేడు. నమూనాకు కూలి ఇవ్వలేనివాడికి అద్దం చాలు. ముఖ్యంగా, అందులోని చూపు వేరు. స్వీయచిత్రంలోంచి ఆ మనిషి మనవైపు చూస్తున్నట్టుంటుంది, గాని అతను చూస్తున్నది అద్దాన్ని. దవడ ఎక్కడ మలుపు తిరిగింది, ముక్కునీడ పెదవిదాకా వచ్చిందా లేదా అని కొలుస్తున్నాడు. మనం దాన్ని విషాదమనీ, గర్వమనీ, ఆధ్యాత్మికమనీ వర్ణిస్తాం. సగంపాలు అది పనిలో ఉన్న మనిషి చూపు. చూచి గీసేవాడు సరిగ్గా ఆ అద్దం ఉన్న చోట కూర్చుంటాడు. కేతె కొల్విత్స్ అనే జర్మన్ మహాతల్లి బెర్లిన్ కార్మికవాడలో బతుకుతూ యాభై ఏళ్లపాటు తన ముఖాన్ని గీస్తూ వచ్చింది. ఆవిడ వేసిన తల్లుల ముఖాల్లో ఆ అభ్యాసమంతా కనిపిస్తుంది.

నేను చిత్రకారుణ్ణి కాను, తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. కాని ఆ అమ్మాయి పనిచేస్తూండగా కొన్ని సాయంకాలాలు కూర్చుని చూశాను. ఆ రెండు నెలల్లో జరిగిందేమిటో ఇక్కడ రాయడం అవసరం, ఎందుకంటే ‘కాపీ’ అని తేలిగ్గా అనేవారిలో చాలామంది కాపీ చేయడం ఎన్నడూ చూచి ఉండరు.

మొదటి వారం బొగ్గుతో కాగితంమీద గీసింది. గడులు గీసి గడికి గడి దింపితే గంటలో గీతలు వస్తాయి, వద్దన్నాం. దారానికి చిన్న రాయి కట్టి వేలాడదీసి, కంటి కొస కింద నోటికొస వస్తుందా, చేతి మణికట్టు వస్తుందా అని చూచుకుంటూ వేసింది. (మేస్త్రీ కూతురికి తూకంగుండు వాడటం ఒకరు నేర్పాలా!) ముఖం మూడుసార్లు చెరిపింది. మూడోసారికి తెలిసిందేమిటంటే, తాను గీస్తున్నది కుర్బే కన్ను కాదు, ‘కన్ను’ అని తన మనసులో ఉన్న బాదంకాయ గుర్తు. చిత్రంలో కన్ను అనేది గీత కాదు; కనుబొమ ఎముక కింద పడిన పెద్ద నీడ, ఆ నీడలో తడిగా మెరిసే ఒక చుక్క. కంటి తెల్లగుడ్డు తెల్లగా ఉండదు. నుదుటిమీది చర్మంకంటే ముదురుగా, బూడిదరంగులో ఉంటుంది. అది తెల్లగా వేస్తే ముఖంలోంచి కళ్లు ఊడి బయటికి వస్తాయి. మన పోస్టర్లలో కార్మికుడు ఎందుకంత ఉలిక్కిపడ్డట్టు కనిపిస్తాడో నాకు ఆ సాయంకాలం అర్థమయింది.

తర్వాత కాన్వాసు. కుర్బే తెల్లనేలమీద మొదలుపెట్టేవాడు కాదు. ముదురు నేలరంగు పూసి, చీకటిలోంచి వెలుగువైపు నడిచేవాడు. అమ్మాయి గోధుమరంగు పూసి ఆరబెట్టింది. రంగులు అయిదే: సీసపు తెలుపు విషం గనక దానికి బదులు మామూలు తెలుపు, పసుపు మన్ను, కాల్చిన ఎర్రమన్ను, అంబర్, నలుపు. నీలం లేదు. అయినా చెంప పక్కన నీడ మొదలయ్యే చోట నలుపూ తెలుపూ కలిసిన బూడిదరంగు ఎర్రమట్టి రంగు పక్కన పడగానే నీలంగా కనిపించింది. రంగు అనేది డబ్బాలో ఉండదు, పక్కరంగుతో ఉన్న సంబంధంలో ఉంటుంది. తత్వశాస్త్రం తరగతిలో మేము పరస్పర సంబంధాన్ని గురించి గంటలకొద్దీ చెప్పే పాఠం అరంగుళం చెంపమీద తేలిపోయింది.

బెల్టు పట్టుకున్న చెయ్యి దగ్గర పని ఆగిపోయింది. పది రోజులు కుదరలేదు. వేళ్లు అరటిపళ్ల గెలలా వచ్చేవి. అచ్చుబొమ్మలో నీడలు కలిసిపోయి ఏ కణుపు ఎక్కడుందో తెలియదు. అప్పుడు ఆ అమ్మాయి ఇంటికి పోయి, తండ్రిచేత తాపీ పట్టించి, ఆ చేతిని కాగితంమీద పదిహేనుసార్లు గీసింది. పిడికిలి కణుపులు వరసగా సరళరేఖమీద ఉండవనీ, విల్లులా వంగి ఉంటాయనీ, పట్టు బిగిసినప్పుడు మణికట్టు వెనక్కి వంగి ముంజేతి నరం లేస్తుందనీ తెలుసుకుని మళ్లీ కుర్బే దగ్గరికి వచ్చింది. ఈసారి చెయ్యి కుదిరింది. మన పెద్దలు చెప్పే జీవితాధ్యయనం ఇదే గదా? కాపీ ఆ అమ్మాయిని జీవితంనుంచి పక్కకు లాగలేదు. ఎక్కడ చూడాలో తెలియని కన్నుకు, పుట్టినప్పటినుంచీ ఇంట్లోనే ఉన్న చేతిని చూపించింది.

చూచిరాతలో ఇంకో ప్రయోజనముంది. మూలంలోని అబద్ధం పట్టుబడుతుంది. స్వీయచిత్రం గనక అంతా సత్యమే అనుకోవడం అమాయకత్వం. కుర్బే యౌవనంలో తన ముఖాన్ని నాటకంలా వాడుకున్నాడు: జుట్టు పీక్కుంటున్న హతాశుడు, చెట్టుకింద నెత్తురోడుతున్న క్షతగాత్రుడు. ఆ క్షతగాత్రుడి బొమ్మకు ఎక్స్‌రే తీస్తే, మొదట అతని భుజాన ఒక స్త్రీ తలవాల్చి ఉండేదని తెలిసింది. ఆమెను తుడిచేసి, గుండెమీద నెత్తురూ పక్కన కత్తీ పెట్టాడు. ప్రేమికుడు వీరుడయ్యాడు! తోలు బెల్టు బొమ్మలోనూ కొంత వేషముంది. అమ్మాయి ఒకనాడు “ఈ చెయ్యి చెంప దగ్గర ఎందుకుందండీ, పనిలేకుండా?” అని అడిగింది. అది విమర్శ. గౌరవంగా దూరంనుంచి దణ్ణం పెట్టేవాడికి ఆ ప్రశ్న రాదు. అంగుళం అంగుళం వేసినవాడికి వస్తుంది.

ఇక మనలోనే ఉన్న మరింత తీవ్రవాదుల ఆక్షేపణ. ‘ఎక్కడో ఫ్రాన్సులో పుట్టినవాడి ముఖం మన పిల్లలు దిద్దడమేమిటి? పొలానికి పో, కూలీని చూడు, గీయి’ అంటారు. ఈ మాటల వెనుక న్యాయమైన కోపమొకటి ఉంది, దాన్ని కాదనను. 1850లో మద్రాసులోనూ, తర్వాత కలకత్తా, బొంబాయిలలోనూ పెట్టిన చిత్రకళాశాలల్లో ఇంగ్లీషువారి పద్ధతి వచ్చింది. గ్రీకు విగ్రహాల సున్నపు అచ్చులూ, అచ్చువేసిన ఆకులూ తీగెలూ, వాటిని వెంట్రుకవాసి తేడా లేకుండా దింపడం. ఆ వాసన మన డ్రాయింగు లోయరు, హయ్యరు పరీక్షల్లో చాలాకాలం పోలేదు. వాళ్లకు కావలసింది చిత్రకారులు కాదు, నమూనా ఇస్తే దింపగల గుమాస్తాలు. ఆ మక్కీకి మక్కీ చదువుమీద తిరగబడటం సబబే. కాని గుమాస్తాలను తయారుచేశారని అక్షరమాలను తగలబెట్టుకుంటామా? ఆనాటి బడిలో తప్పు చూచి గీయించడంలో లేదు. ఎందుకు గీస్తున్నామో అడగనివ్వకపోవడంలో ఉంది. గీసినదాన్ని పక్కన పెట్టి కిటికీలోంచి చూడనివ్వకపోవడంలో ఉంది.

1943 బెంగాల్ కరువులో కలకత్తా వీధుల్లో ఆకలిచావులను జైనుల్ అబెదిన్ నల్లసిరాతో చౌకరకం కాగితంమీద గీశాడు. నాలుగు గీతల్లో ఒక డొక్క, ఒక చెయ్యి, పక్కన కాకి. చూచి తట్టుకోలేం. ఆ చెయ్యి ఎక్కడిది? కలకత్తా ప్రభుత్వ కళాశాలలో ఏళ్లతరబడి గీసి గీసి అరిగిన చెయ్యి. చావబోతున్న మనిషి నమూనాగా కదలకుండా కూర్చోడు. అతని ముందు నిలబడి శరీరశాస్త్రం మొదలుపెట్టడానికి వ్యవధి ఉండదు. ‘పొలానికి పో’ అన్న సలహా సరైనదే. కాని చెయ్యి సిద్ధం కాకుండా పోతే, పొలంలో కూలీని చూచి వచ్చి, ఇంట్లో గోడమీది పోస్టరునే మళ్లీ దింపుతాడు. మన బొమ్మల్లో కూలీలందరిదీ ఒకే ముఖం ఎందుకయింది? భూస్వామికి కూలీలందరూ ఒక్కలాగే కనిపిస్తారు, ఆశ్చర్యం లేదు. మనకూ అలాగే కనిపిస్తే ఎలా?

కుర్బే ఇక్కడా జవాబు చెబుతాడు, మాటలతో కాదు. స్వీయచిత్రాలు వేసిన తర్వాత 1849లో స్వగ్రామం చేరి రెండు పెద్ద చిత్రాలు మొదలుపెట్టాడు. ఒకటి ‘రాళ్లు కొట్టేవాళ్లు’. దారిపక్కన రాళ్లు కొడుతున్న ఒక ముసలివాణ్ణీ ఒక కుర్రవాణ్ణీ చూచి, మర్నాడు తన పనిశాలకు పిలిచి వేశాడు. అందులో ఇద్దరి ముఖాలూ మనకు సరిగా కనపడవు. ముసలివాడి ముఖం టోపీనీడలో ఉంది, కుర్రవాడు అటు తిరిగి ఉన్నాడు. వంగిన నడుమూ, మోకాలూ, బరువు మోస్తున్న భుజమూ చెబుతాయి అంతా. ముఖాన్ని ఏళ్లతరబడి అభ్యసించినవాడే ముఖం లేకుండా మనిషిని చూపగలిగాడు. (ఆ పెద్ద చిత్రం 1945లో డ్రెస్‌డెన్ యుద్ధకాండలో నాశనమయింది. ఈనాడు మనం దాన్ని ఫొటోలవల్లా, మిగిలిన చిన్నరూపంవల్లా ఎరుగుదుం. ప్రతిని ఈసడించేవారు దీన్ని కూడా గుర్తుంచుకుంటే మంచిది.) రెండోది ‘ఓర్నాన్‌లో అంత్యక్రియలు’. ఆరున్నర మీటర్లకు పైగా పొడవు. నలభైమందికి పైగా ఊరివాళ్లు నిలువెత్తున నిలబడ్డారు: కాటికాపరి, పురోహితుడు, మేయరు, ఏడ్చే ఆడవాళ్లు. ప్రతి ముఖమూ వేరు. ఊరివాళ్లే వచ్చి నమూనాలుగా నిలబడ్డారు. అంతవరకూ రాజులకూ దేవతలకూ కేటాయించిన కొలతలో రైతులను నిలబెట్టినందుకు 1850–51 ప్రదర్శనలో పెద్దమనుషులు మండిపడ్డారు. టిషియన్ చేతులనుంచి తన ముఖానికీ, తన ముఖంనుంచి నలభైమంది ఇరుగుపొరుగుకూ దారి అలా నడిచింది. అదే మనిషి 1871లో పారిస్ కమ్యూన్‌లో చిత్రకారుల సమాఖ్యకు అధ్యక్షుడయ్యాడంటే, జైలుకు పోయి, ఆ జైలుగది కిటికీ పక్కన ఎర్ర మెడగుడ్డతో కూర్చున్నట్టు మళ్లీ తన స్వీయచిత్రం వేసుకున్నాడంటే, ఇది కాపీలవల్ల పాడైపోయిన వ్యక్తిత్వమని ఎవరంటారు?

ఎలా పడితే అలా కాపీ చేయమని నేననడం లేదు. ఇప్పుడు ఫోనులో బొమ్మ తెరిచి, దాన్ని కాన్వాసుమీద వెలుగుగా పడేసి, అంచులవెంట గీసి, ‘చూడండి ఎంత పోలిక వచ్చిందో’ అనేవారున్నారు. పోలిక వస్తుంది, చెయ్యి రాదు. అది పరీక్షహాల్లో చూచిరాత. ఫోనులోని బొమ్మ రంగు నమ్మదగింది కాదు, కొలత అసలే కాదు. అచ్చుబొమ్మకూ ఆ దోషముంది. కాని దోషమున్న ప్రతితోనే పని చేసినవారున్నారు. వాన్ గోగ్ 1889–90లో సెయింట్ రెమి ఆస్పత్రిలో ఉండి, మిలే వేసిన రైతుల బొమ్మలకు నలుపు తెలుపు అచ్చులు ముందు పెట్టుకుని ఇరవైదాకా ప్రతులు రంగుల్లో వేశాడు. రంగు అంతా తాను సమకూర్చుకోవలసి వచ్చింది. అంతకుముందు పారిస్‌లో లెకాక్ ద బ్వాబోద్రాన్ అనే ఉపాధ్యాయుడి పద్ధతికి మంచి పేరుండేది. లూవ్ర్‌లో ఒక చిత్రాన్ని కళ్లతో కంఠస్థం చేసి రమ్మని శిష్యులను పంపి, తిరిగివచ్చిన తర్వాత జ్ఞాపకంనుంచి గీయించేవాడాయన. శిల్పి రొదే ఆయన శిష్యుడే. మన అవధానులకు ఈ పద్ధతి కొత్తగా తోచదు. చూచి గీసిన తర్వాత మూలాన్ని గోడకు తిప్పి పెట్టి, జ్ఞాపకంనుంచి గీసి, తేడా చూచుకోవాలి. తర్వాత అదే పక్కనుంచి అదే దీపం పెట్టుకుని అద్దంలో తన ముఖం వేసుకోవాలి. ఆ తర్వాత అదే వెలుగులో తల్లినో, పక్కింటి రిక్షావాణ్ణో కూర్చోబెట్టాలి. ఈ మూడూ జరగని కాపీని విమర్శించండి, నేనూ మీతో గొంతు కలుపుతాను.

అందుచేత మన సంఘంవారు ఏర్పాటు చేసే ప్రదర్శనల విషయంలో నాదొక ప్రతిపాదన. ప్రతులను పోటీలోంచి తీసెయ్యకండి. వాటికొక గోడ కేటాయించండి. ప్రతి బొమ్మ కిందా మూలం ఎవరిది, ఏ సంవత్సరంది, ఇప్పుడు ఎక్కడుంది, మూలం కొలత ఎంత, ప్రతి కొలత ఎంత, ఎన్ని రోజులు పట్టింది అని రాయించండి. దాని పక్కనే, అదే విద్యార్థి ఆ తర్వాత జీవించివున్న మనిషిని ఎదురుగా పెట్టుకుని వేసిన రూపచిత్రం ఒకటి తప్పనిసరిగా పెట్టించండి. కింద ఆ మనిషి పేరూ, చేసే పనీ ఉండాలి. న్యాయనిర్ణేతలు రెండూ పక్కపక్కన చూచి మార్కులు వేయాలి, రెండు నిమిషాల్లో కాదు. నియమాల కాగితం నేను రాసి ఇస్తాను. తూకంగుళ్లు ఎక్కడ దొరుకుతాయో ఆ అమ్మాయినే అడుగుదాం.